బ్యాట్ ఛాంపియన్‌ది... చెయ్యి మనది!

స్మాష్ గట్టిగా పడాలంటే ఎలాంటి బ్యాట్ కొనాలి? షటిల్ ఆడేవాళ్లలో ఎవరినైనా ఆపి అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది తడుముకోకుండా 'హెడ్ హెవీ' అనేస్తారు. తల బరువున్న బ్యాట్ అన్నమాట. సుత్తి ఎంత బరువుంటే దెబ్బ అంత గట్టిగా పడుతుంది, ఇదీ అంతేనని లెక్క. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2023 ఏప్రిల్ 14న టోక్యో పక్కనున్న సైతామాలో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కినప్పుడు అతని చేతిలో ఉన్నది హెడ్ హెవీ బ్యాట్ కాదు! యోనెక్స్ వాళ్ల నానోఫ్లేర్ 1000 జెడ్. కంపెనీ దాన్ని అమ్మేదే 'హెడ్ లైట్' రకంగా. అంతకు పదేళ్ల ముందు మలేసియా ఆటగాడు తాన్ బూన్ హియోంగ్ 493 కిలోమీటర్ల రికార్డు పెట్టిన బ్యాటు కూడా నానోరే అనే తేలిక తలల వరసలోదే.

కిటుకు ఏమిటంటే, కాక్ వేగానికి బ్యాట్ తల బరువు ఎంత ముఖ్యమో, కాక్‌ని తాకే క్షణంలో ఆ తల ఎంత వేగంగా తిరుగుతోందన్నది అంతకన్నా ముఖ్యం. బరువు పెరిగి చెయ్యి నెమ్మదిస్తే మిగిలేదేమీ ఉండదు. అలాగని రేపు పొద్దున్నే వెళ్లి సాత్విక్ బ్యాట్ కొనేయకండి. దాని షాఫ్ట్ చాలా గట్టిది. అతని భుజం, అతని మణికట్టు ఉంటేనే అది పలుకుతుంది. మన చేతిలో మూగబోతుంది.

ఇంతకీ ఈ గోలంతా ఎందుకంటే, వేసవి సెలవులు మొదలైనా, టీవీలో పెద్ద ఫైనల్ వచ్చినా స్పోర్ట్స్ షాపుల్లో జరిగే సంభాషణ ఒకటే. "సింధు వాడేదుందా?", "శ్రీకాంత్ వాడేదెంత?" అని. షాపువాడు మాత్రం లేదని ఎందుకంటాడు? పదిహేను వేల దాకా ఉన్న బ్యాట్లు గోడకి వేలాడుతూనే ఉంటాయి. అడగాల్సిన మొదటి ప్రశ్న బ్యాట్ గురించి కాదు, మన గురించి. నా చెయ్యి ఎంత వేగంగా తిరుగుతుంది? నేను పాయింట్లు ఎక్కడ పోగొట్టుకుంటున్నాను?

మొదటి ప్రశ్నకి జవాబు కోర్టులోనే దొరుకుతుంది, పైసా ఖర్చు లేకుండా. మీ పాత బ్యాటే తీసుకుని కోర్టు చివరి గీత దగ్గర నిలబడండి. ఎవరినైనా కాక్ ఎత్తుగా వేయమనండి. తల మీదుగా కొట్టి అవతలి చివరి గీత దాకా పంపండి. కోర్టు పొడవు 13.40 మీటర్లు. పదిసార్లు కొడితే ఏడెనిమిది అవతలి వెనక గీత దగ్గర పడుతున్నాయా? మీ చెయ్యి బాగానే తిరుగుతోంది. సగం దూరంలోనే రాలిపోతున్నాయా? మీ చేతికి బ్యాట్ సాయం కావాలి. ఆ సాయం ఎక్కువగా వచ్చేది తల బరువులోంచి కాదు, షాఫ్ట్‌లోంచి.

పిడికీ తలకీ మధ్య ఉండే సన్నటి పుల్లే షాఫ్ట్. షాపులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఆట సగం దీంట్లోనే ఉంది. చెయ్యి విసిరినప్పుడు షాఫ్ట్ కాస్త వెనక్కి వంగుతుంది. మళ్లీ నిటారుగా అయ్యే ఊపులో కాక్‌ని తాకితే కొరడా ఝుళిపించినట్టు దెబ్బ పడుతుంది. మెత్తటి షాఫ్ట్ అయితే నెమ్మదిగా తిరిగే చేతికి కూడా వంగుతుంది, ఆ కొరడా ఊపు మనకి ఊరికే వస్తుంది. గట్టి షాఫ్ట్ అలా కాదు. చెయ్యి వేగంగా తిరిగితేనే వంగుతుంది. తిరగకపోతే కర్రతో కొట్టినట్టే. అప్పుడు తగ్గిన బలాన్ని మనం భుజంతో, మోచేత్తో పూరించుకుంటాం. మరి ఛాంపియన్లు గట్టివి ఎందుకు వాడతారంటే... వాళ్ల చేతి వేగానికి మెత్తటి షాఫ్ట్ సమయానికి నిటారు కాలేదు. తల వెనకబడిపోతుంది. కాక్ అనుకున్న చోటికి పోదు. గట్టిదైతే గురి తప్పదు. అంటే మెత్తనిది బలం ఇస్తుంది, గట్టిది గురి ఇస్తుంది. బలం సొంతంగా ఉన్నవాళ్లకే గురి అవసరం ఎక్కువ!

మా డెస్కులో ఒకాయన ఉన్నారు. నలభై మూడేళ్లు. రోజూ పొద్దున కాలనీ కోర్టులో నాలుగు ఆటలు ఆడి ఆఫీసుకొస్తారు. ఒక పుట్టినరోజుకి తనకి తానే బహుమతిగా ఖరీదైన బ్యాట్ కొనుక్కున్నారు. 'ఎక్స్‌ట్రా స్టిఫ్' అని రాసుంది. స్టిఫ్ అంటే మంచిది, ఎక్స్‌ట్రా అంటే ఇంకా మంచిది అనుకున్నారు. గట్టింగ్ దగ్గర కుర్రాడు "ప్రో టెన్షన్ వేయమంటారా సార్?" అని అడిగితే ఆయన ఎందుకు కాదంటారు... 28 పౌండ్లు వేయించుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి మోచెయ్యి బయటి వైపు నొప్పి. స్కూటర్ హ్యాండిల్ పట్టుకోలేరు, నీళ్ల బిందె ఎత్తలేరు. డాక్టర్ 'టెన్నిస్ ఎల్బో' అన్నారు. బ్యాట్ ఒక్కటే కారణమని డాక్టర్ చెప్పలేదు. వయసుంది, వార్మప్ లేకుండా కోర్టులోకి దిగే అలవాటుంది. కానీ మూడు నెలల విశ్రాంతి తర్వాత ఆయన మెత్తటి షాఫ్ట్, 22 పౌండ్ల గట్టింగ్‌తో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయన టాస్‌లు వెనక గీత దాకా పోతున్నాయి. ఆ ఖరీదైన బ్యాట్‌ని మాత్రం వాళ్ల డిగ్రీ చదివే అబ్బాయి పట్టుకెళ్లాడు.

నలభై దాటి, వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్లు ఎవరైనా సరే, ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. 'ఫ్లెక్సిబుల్' లేదా 'మీడియం' అని అడిగి తీసుకోండి. మెత్తటి బ్యాట్ అంటే నేర్చుకునేవాళ్లదని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఇక రెండో ప్రశ్న. పాయింట్లు ఎక్కడ పోతున్నాయి? స్మాష్ కొట్టి గెలిచిన పాయింట్ అందరికీ గుర్తుంటుంది. పోగొట్టుకున్నవి గుర్తుండవు. ఒక వారం పాటు ఆట అయ్యాక కాస్త లెక్కేసుకోండి. మన కాలనీల్లో, క్లబ్బుల్లో ఆడేది ఎక్కువగా డబుల్సే. కోర్టు ఒకటే, ఎదురుచూసేవాళ్లు ఎనిమిదిమంది కాబట్టి! డబుల్స్‌లో చాలామంది పాయింట్లు పోగొట్టుకునేది ఒంటి మీదికి వచ్చిన స్మాష్ తిప్పికొట్టలేక, నెట్ దగ్గర చెయ్యి అందినా బ్యాట్ తిప్పలేక. వీటికి కావలసింది చప్పున తిరిగే తేలిక తల. నెట్ దగ్గర ఆడేవాళ్లకి, డిఫెన్స్ మీద బతికేవాళ్లకి హెడ్ లైట్ ఒక వరం. వెనక నిలబడి స్మాష్‌ల మీద స్మాష్‌లు కొట్టేవాళ్లు, అంత కొట్టినా భుజం అలసిపోనివాళ్లు హెడ్ హెవీ తీసుకోవచ్చు. సింగిల్స్ ఆడేవాళ్లకి కూడా కాస్త తల బరువు పనికొస్తుంది, వెనక గీత నుంచి వెనక గీతకి కొట్టడం తేలికవుతుంది. ఏదీ తేల్చుకోలేకపోతే 'ఈవెన్ బ్యాలెన్స్' ఉండనే ఉంది. మనలో ఎక్కువమందికి అదే నప్పుతుందని నా అభిప్రాయం. ఒకే ఆటలో ముందూ మనమే, వెనకా మనమే కదా.

స్మాష్ ఒక్కటే ఆట కాదనడానికి 1980 ఆల్ ఇంగ్లాండ్ ఫైనల్ చూడండి. అవతల ఇండోనేసియా ఆటగాడు లీమ్ స్వీ కింగ్. ఎగిరి కొట్టే స్మాష్‌కి పెట్టింది పేరు. ఇవతల మన ప్రకాశ్ పదుకొనె. ప్రకాశ్ ఆ స్మాష్‌కి స్మాష్‌తో పోటీ పడలేదు. కింగ్‌కి ఎగిరి కొట్టే వీలే ఇవ్వకుండా డ్రాపులతో, టాస్‌లతో కోర్టంతా తిప్పాడు. 15-3, 15-10. అలాంటి ఆట మీది అయితే బ్యాట్‌లో వెతుక్కోవలసింది బరువు కాదు, నెట్ మీదుగా కాక్‌ని తొణకకుండా వదిలే నిలకడ.

అన్నట్టు, మనూళ్లలో ఊలు బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడి, తర్వాత షటిల్‌కి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బ్యాట్ బరువుకి అలవాటుపడిన చేతికి షటిల్ బ్యాట్ పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టే ఉంటుంది. అందుకే వీళ్లు బరువైనదే ఎంచుకుంటారు. అయినా వీళ్లకి చిక్కు బరువుతో కాదు, కొట్టే తీరుతో. బంతిని చెయ్యంతా కలిపి కొట్టే అలవాటు, కాక్‌కి మణికట్టు, వేళ్లు కావాలి. తేలిక బ్యాట్‌తో ఒక నెల ఓపిక పడితే వేళ్లు వాటంతటవే పనిలోకి దిగుతాయి.

బరువు గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. బ్యాట్ మీద 3యు, 4యు, 5యు అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. 3యు అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యు 80 నుంచి 84, 5యు 75 నుంచి 79. ఎంత బరువైనా రెండు కోడిగుడ్లంత ఉండదు. ఆట నిబంధనల్లో బ్యాట్ పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంది కానీ బరువు మీద పరిమితే లేదు. డబుల్స్ ఆడే మామూలు ఆటగాడికి 4యు చాలు. నాలుగు గ్రాముల తేడా కూడా తలలో ఉంటే తెలుస్తుంది, పిడిలో ఉంటే తెలియదు.

ఆ బరువు తలలో ఉందో పిడిలో ఉందో షాపులోనే చూసుకోవచ్చు. బ్యాట్‌ని అడ్డంగా చూపుడు వేలి మీద నిలబెట్టండి. ఎటూ ఒరగకుండా నిలిచిన చోటు నుంచి పిడి చివరి దాకా కొలవండి. సుమారు 285 నుంచి 295 మిల్లీమీటర్లు ఉంటే ఈవెన్. అంతకు మించితే తల బరువు, తగ్గితే తల తేలిక. ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఇంటికొచ్చి పిడికి మందంగా గ్రిప్ మీద గ్రిప్ చుట్టేశారనుకోండి, పిడి బరువెక్కి ఆ లెక్క మారిపోతుంది. హెడ్ హెవీ అని కొన్నది ఈవెన్ అయి కూర్చుంటుంది. పక్కవాడి బ్యాట్ బాగుందని అదే మోడల్ కొనుక్కుని, 'నాది అలా లేదేంటి' అని బాధపడేవాళ్ల కథ తరచుగా ఇదే.

గ్రిప్ అంటే గుర్తొచ్చింది. యోనెక్స్ బ్యాట్ల మీద జీ4, జీ5 అని ఉంటుంది. అంకె పెద్దదయితే పిడి సన్నం. కొన్ని కంపెనీల లెక్క ఇందుకు తలకిందులు. కాబట్టి అంకెని నమ్మకండి, చేత్తో పట్టుకుని చూడండి. అనుమానం వస్తే సన్నదే తీసుకోవాలి. సన్నటి పిడిని చుట్టుకుని లావు చేసుకోవచ్చు, లావుదాన్ని చెక్కలేం కదా! అలాగని మరీ సన్నగా వదిలేసినా తంటానే. జారిపోతుందేమోనని తెలియకుండానే బిగించి పట్టుకుంటాం, ఆ బిగువంతా మోచేతికి చేరుతుంది. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో ఆడేవాళ్లు తువ్వాలు గుడ్డలాంటి టవల్ గ్రిప్ వేసుకుంటే చెమట పీల్చుకుంటుంది. తొందరగా మాసిపోతుంది, ఊరికే మార్చాలి. చౌక కాబట్టి ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గట్టింగ్. పది వేల బ్యాట్‌కి పాడు గట్టింగ్ ఉన్నా, రెండు వేల బ్యాట్‌కి మంచి గట్టింగ్ ఉన్నా నేను రెండోదానితోనే ఆడమంటాను. కాక్‌ని తాకేది ఫ్రేమూ కాదు, షాఫ్టూ కాదు, ఆ తీగలే. షాపులో గట్టింగ్‌తో సహా వచ్చే చౌక బ్యాట్లకి ఫ్యాక్టరీలో వేసే తీగ సాధారణంగా నాసిరకం. దాన్ని తీయించి మంచిది వేయించుకుంటే అదే బ్యాట్ వేరే బ్యాట్ అయిపోతుంది.

ఎంత బిగువు? ఇక్కడే మగతనం సంగతి వచ్చిపడుతుంది. "నాది 28", "నాది 30" అని చెప్పుకోవడం మన కోర్టుల్లో మీసం మెలేయడంతో సమానం. ప్రొఫెషనల్స్ 28, 30 వేసుకోవడం నిజమే. కానీ బిగువు పెరిగితే బలం పెరగదు, తగ్గుతుంది! వదులు తీగ కాక్‌ని పరుపులా పుచ్చుకుని వెనక్కి నెడుతుంది. బిగువు తీగ నెట్టదు. ఎటు కొడితే అటు పంపుతుంది, అంతే. పైగా తీగ బిగిసేకొద్దీ కాక్ సరిగ్గా తగలాల్సిన నడిమి చోటు కుంచించుకుపోతుంది. పక్కకి తగిలిన ప్రతి దెబ్బా చేతికి జిల్లుమని తెలుస్తుంది. కొత్తవాళ్లకి 20 నుంచి 22, రోజూ ఆడేవాళ్లకి 23, 24 పౌండ్లు చాలు. ఆ పైన కావాలనిపిస్తే ఒక్కో పౌండే పెంచుకుంటూ పోవాలి. బ్యాట్ మీద ఎంత వరకు వేయొచ్చో ముద్రించే ఉంటుంది. అది దాటితే ఫ్రేమ్ పగిలినా కంపెనీని అడగడానికి ఉండదు.

తీగ మందం కూడా చూసుకోవాలి. బీజీ 65 అనేది 0.70 మిల్లీమీటర్లు. గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. బీజీ 66 అల్టిమాక్స్ 0.65. చప్పుడు బాగుంటుంది, కాక్ చురుగ్గా పోతుంది, కానీ తొందరగా తెగుతుంది. ప్లాస్టిక్ కాక్‌తో ఆడేవాళ్లు మందంగా ఉన్నదే వేయించుకోవడం మేలు. తెగకపోయినా గట్టింగ్ శాశ్వతం కాదు. బ్యాట్ గోడకి వేలాడుతూ ఉన్నా బిగువు తగ్గుతూనే ఉంటుంది. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు మార్చాలని ఆటగాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. మనవాళ్లలో తెగేదాకా ఆగేవాళ్లే అందరూ.

పిల్లల సంగతి వేరు. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ మొదలయ్యాక, 2012లో సైనా కంచు పతకం, 2016లో సింధు వెండి పతకం తెచ్చాక మన దగ్గర కోచింగ్‌కి వెళ్లే పిల్లల తల్లిదండ్రులకి ఆశలు పెరిగాయి. మంచిదే. కానీ ఎనిమిదేళ్ల పాప చేతిలో నాన్న తన పాత హెడ్ హెవీ బ్యాట్ పెట్టడం, 'పెద్దయ్యాక పనికొస్తుందిలే' అని ఖరీదైన గట్టి బ్యాట్ ముందే కొనేయడం... ఈ రెండూ ఒకేలాంటివి. చెప్పులు పెద్దవి కొంటే కాలు పెరిగి సరిపోతుంది. బ్యాట్ అలా కాదు. మొయ్యలేని బరువుని తిప్పడానికి పాప మణికట్టు వదిలేసి భుజంతో తోయడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు పడితే వదిలించడానికి కోచ్‌కి తల ప్రాణం తోకకొస్తుంది. చిన్నపిల్లలకి పొడవు తక్కువ జూనియర్ బ్యాట్లు దొరుకుతాయి. కాస్త ఎదిగాక తేలిక, మెత్తటి షాఫ్ట్, సన్నటి పిడి, తక్కువ టెన్షన్. మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొనండి. షటిల్‌లో పిల్లల మడమలు, మోకాళ్లు పడే అవస్థ చేతులకేం తీసిపోదు.

ఎంత పెట్టాలి? ఇప్పుడు రెండు మూడు వేలకి పూర్తి గ్రాఫైట్ బ్యాట్లు వస్తున్నాయి. ఇనుప షాఫ్ట్, అల్యూమినియం ఫ్రేమ్ ఉన్నవి ఇంటి ముందు సరదాకి సరే కానీ కోర్టులో రోజూ ఆడేవాళ్లకి వద్దు. వారానికి నాలుగు రోజులు ఆడేవాళ్లయితే మరో రెండు వేలు ఎక్కువ పెట్టినా దండగ కాదు. అంతకు మించి పెట్టే ప్రతి వెయ్యికీ వచ్చే తేడా తగ్గుతూ పోతుంది. డబుల్స్‌లో భాగస్వామి బ్యాట్‌కి తగిలి పగిలేటప్పుడు అది రెండు వేలదా, పదిహేను వేలదా అని గ్రాఫైట్ చూసుకోదు. నా లెక్కలో పదిహేను వేలకి ఒకటి కన్నా నాలుగు వేలకి ఒకే రకంవి రెండు కొనుక్కోవడం నయం. ఆట మధ్యలో గట్టు తెగితే పక్కవాడి బ్యాట్ అడుక్కోనక్కర్లేదు.

సగం ధరకే పేరున్న బ్యాట్ అంటే మాత్రం ఒక్క క్షణం ఆగండి. నకిలీలు విపరీతం. బిల్లు ఇవ్వని చోట, హోలోగ్రామ్ స్టిక్కర్ లేని చోట కొనొద్దు. కొనేముందు అదే మోడల్ వాడే స్నేహితుడి దగ్గర ఒక్క ఆటకి అడిగి తీసుకోండి. రెండు టాస్‌లు, నాలుగు స్మాష్‌లు కొట్టి ఇచ్చేయకుండా పూర్తి ఆట ఆడాలి. మొదటి అయిదు నిమిషాలు ఏ కొత్త బ్యాటైనా బాగానే ఉంటుంది. పద్దెనిమిది, పంతొమ్మిది పాయింట్ల దగ్గర, చెయ్యి అలిసినప్పుడు అది ఎలా తిరుగుతోందో చూసుకోండి.

ఇంకొకటి. కొన్నాక ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, ఆ వేడికి ఫ్రేమ్ పాడవుతుంది. గట్టు ఎక్కడైనా తెగితే ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకోకుండా అక్కడే కత్తెర అడిగి మిగతా తీగలన్నీ నడుమ నుంచి బయటికి, నిలువూ అడ్డమూ మార్చి మార్చి కత్తిరించేయండి. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులుగా రాత్రంతా ఉంటే ఫ్రేమ్ వంకర పోతుంది.